రెండున్నర గంటల దూరం

మస్కట్,
12 జనవరి 1999.

లక్ష్మికి,

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నేను బాగానే ఉన్నాను.

కంపెనీ వాళ్ళు నన్ను బిల్డింగు పని నుంచి తప్పించారు. ఇప్పుడు ఎండలో నిలబడక్కర్లేదు. ఏసీ గది, వేళకి తిండి, ఒకచోటే ఉండడం. మన ఊరి వాళ్ళు చూస్తే అసూయ పడతారు.

ఈ వేసవికి రాలేను. ఇంకా రెండేళ్ళు పట్టొచ్చు, మూడేళ్ళు పట్టొచ్చు. నాకోసం ఎదురుచూస్తూ కూర్చోకు. వచ్చి మాత్రం ఏం చేస్తాను? తుపానులో కొబ్బరి చెట్లు సగం కూలిపోయాక కాయలు దింపు తీసేవాడితో అక్కడ ఎవరికి పని? దుర్గని బాగా చదివించు. అవసరం వస్తే అన్నయ్యని అడుగు.

ఇది దూరదేశం లక్ష్మీ. ఇక్కడి సంగతులకి అక్కడ కూర్చుని దిగులు పడి లాభం లేదు.

పెన్నులో సిరా అయిపోయి పెన్సిలుతో రాస్తున్నాను.

తాతబ్బాయి


మునగలలంక,
రాజోలు తాలూకా,
2 ఫిబ్రవరి 1999.

బావకి,

లక్ష్మి రాసేది. మేం కులాసా. దుర్గకి దగ్గు తగ్గింది. పీచు మిల్లులో పని వారానికి నాలుగు రోజులే ఉంటోంది గాని గడిచిపోతోంది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏసీ గదిలో ఒకచోటే ఉండడం అన్నావు. అది ఏం పనో రాయలేదు. నువ్వు ఒకచోట ఉండే మనిషివా? అన్నం కంచం ముందు కూడా రెండుసార్లు లేచేవాడివి. నీ అక్షరాలు ఎప్పుడూ గీత మీద బుద్ధిగా నిలబడేవి. ఈసారి పైకి ఎగబాకి మళ్ళీ కిందకి జారుతున్నాయి.

ఎదురుచూడకు అన్నావు. మేనత్త కొడుకువి, చిన్నప్పటి నుంచి ఎరుగుదును, ఆ మాట నీది కాదు. నీకు ఒంట్లో బాగోలేదా? ఎవరితోనైనా తగువు పడ్డావా? అక్కడ ఇంకెవరినైనా చేరదీశావా? అదే అయితే అదైనా రాసెయ్యి. నిజం ఏదైనా నేను తట్టుకుంటాను. ఇలా డొంకతిరుగుడుగా రాస్తే తట్టుకోలేను.

లక్ష్మి


మస్కట్,
24 ఫిబ్రవరి 1999.

లక్ష్మికి,

ఇంకెవరినైనా చేరదీశానా అని అడగడానికి నీకు నోరెలా వచ్చింది? నేనేమిటో నీకు తెలియదా?

ఏదైనా రాస్తే దాన్ని చిక్కం వేసి వడగట్టడం నీకు అలవాటు. కులాసా అని రాస్తే కులాసా అనుకోవాలి. మస్కట్ ఎక్కడ, మునగలలంక ఎక్కడ. మధ్యలో సముద్రం ఉంది. నువ్వు రాజమండ్రి దాటి ఎరగవు. ఇక్కడి విషయం నీకు చెప్పినా అర్థం కాదు, అర్థమైనా చేసేదేమీ లేదు.

ఉత్తరాలు తగ్గిస్తాను. పని ఎక్కువగా ఉంది.

తాతబ్బాయి


మునగలలంక,
15 మార్చి 1999.

మహారాజశ్రీ తాతబ్బాయి గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు పని ఎక్కువగా ఉందని తెలిసి సంతోషించాను.

మీ క్యాంపులో ఉండే శివకోడు గంగాధర్ గారు సెలవు మీద వచ్చారు. మొన్న రాజోలు బస్టాండులో నన్ను చూసి, చూడనట్టు బస్సు వెనక్కి తప్పుకోబోయారు. నేను వెంటపడి పకోడీల బండి దగ్గర పట్టుకున్నాను. మా ఆయన ఎలా ఉన్నారండీ అని అడిగితే ఆయన చాలాసేపు తన చెప్పుల వంక చూసుకున్నారు.

"చెల్లెమ్మా, నీకు చెప్పొద్దని తాతబ్బాయి నా చేత ఒట్టు వేయించుకున్నాడు" అన్నారు.

"ఆ ఒట్టు గట్టున పెట్టేయండి అన్నయ్యగారూ. పాపం ఉంటే నాకు చుట్టుకుంటది" అన్నాను.

అప్పుడు చెప్పారు. నవంబరులో మూడో అంతస్తు మంచె మీద నుంచి మీరు పడిపోయారట. వెన్నుపూస దెబ్బతిందట. నడుం కింద స్పర్శ లేదట. అప్పటి నుంచీ ఆస్పత్రి మంచం మీదే వెల్లకిలా ఉన్నారట. అలా పడుకుని పైకి పట్టుకుంటే పెన్ను రాయదట, అందుకని పెన్సిలట. ఇదీ మీ ఏసీ గది.

బస్టాండులోనే ఏడ్చాను. నలుగురూ చూశారు, చూడనిచ్చాను.

తర్వాత ఆయన ఇంకో సంగతి చెప్పారు. డాక్టర్లు మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారట. ఒంటరిగా పంపడం కుదరదు, ఇంటి మనిషి వచ్చి వెంట తీసుకెళ్ళాలి, వీసా, టికెట్లు మేం చూస్తాం అని కంపెనీ మేనేజరు మీ మంచం దగ్గరికి వచ్చి మరీ అడిగాడట. మీరేమన్నారో గంగాధర్ గారు చెప్పలేక చెప్పలేక చెప్పారు. నాకెవరూ లేరు అన్నారట.

కాళ్ళ సంగతికి ఏడ్చాను గాని ఈ మాటకి నాకు ఏడుపు రాలేదు.

పన్నెండేళ్ళు మీతో కాపురం చేసిన దాన్ని, మీ కూతుర్ని కన్నదాన్ని, నేను ఎవరూ కాకుండా పోయానన్న మాట. మంచిది. మీరు లేరన్నంత మాత్రాన నేను లేకుండా పోను.

దూరం, దూరం అని ప్రతి ఉత్తరంలోనూ రాశారు. అదెంతో కనుక్కుందామని ఎలిమెంటరీ స్కూలు పద్మావతి టీచరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గోడ మీద పటం దించి బల్ల మీద పరిచారు. ఆవిడ తమ్ముడు బొంబాయిలో టికెట్ల ఆఫీసులో చేస్తాడు, అతనికి ఫోను చేసి అడిగారు. బొంబాయి విమానాశ్రయం నుంచి మస్కట్ విమానాశ్రయానికి పదిహేనువందల డెబ్బై కిలోమీటర్లు. మన రాజమండ్రి నుంచి బొంబాయికి రైలుపట్టా పదమూడువందలు ఉంటుందట. అంటే బొంబాయి వెళ్ళినవాళ్ళు ఇంకో బొంబాయి వెళ్ళడం. విమానం రెండున్నర గంటలు ఎగురుతుంది.

రెండున్నర గంటలు. దుర్గకి పచ్చకామెర్లు వచ్చినప్పుడు కాకినాడ పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాను, మీకు గుర్తుందో లేదో. ఇక్కడ కాలవ దాటి, అమలాపురం బస్సెక్కి, ముక్తేశ్వరంలో పంటి పడవ కోసం కాచుకుని, గోదారి దాటి, కోటిపల్లి నుంచి మళ్ళీ బస్సెక్కి రామచంద్రపురం మీదుగా వెళ్ళేసరికి పొద్దు వాలిపోయింది. దాన్ని దూరం అనలేదు ఎవరూ. పిల్లని భుజాన వేసుకుని వెళ్ళి వచ్చాను.

ఉత్తరం వెళ్ళి రావడానికి నెల పడుతోంది కాబట్టి మీరు చాలా దూరంలో దాక్కున్నాననుకున్నారు. అంత దూరం ఏమీ లేదు. వస్తున్నాను.

ఇట్లు,
మీకు లేని మనిషి,
వీరలక్ష్మి


మస్కట్,
3 ఏప్రిల్ 1999.

లక్ష్మీ,

నన్ను మీరు అనకు. తిట్టాలంటే నువ్వు అని తిట్టు.

గంగాధర్ చెప్పింది నిజమే. చెట్టు తల దాకా ఎక్కి గెల మీద కాలు పెట్టి నిలబడినవాణ్ణి, ఎప్పుడూ పడలేదు. తుపాను మర్నాడు సగం విరిగిన చెట్లు ఎక్కినప్పుడు కూడా పడలేదు. ఇక్కడ ఇనప గొట్టాల మీద పడ్డాను. ఎలా పడ్డానో కూడా తెలియదు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, విను. రెండు గంటలకోసారి ఇద్దరు వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పుతారు. తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఒంటికీ రెంటికీ నా చేతిలో లేదు. గొట్టం పెట్టారు. కాళ్ళు నావేనని చూస్తే తెలియాలి తప్ప వాటంతట అవి తెలియవు. ఇదీ నువ్వు తీసుకెళ్ళాలనుకుంటున్న మొగుడు.

నన్ను తీసుకెళ్ళి అరుగు మీద పడుకోబెడతావు. దారిన పోయేవాళ్ళందరూ ఆగి, అయ్యో తాతబ్బాయీ అంటారు. ఆ అయ్యో నేను వినలేను. ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు కాబట్టి అయ్యో అనేవాళ్ళూ లేరు. మా క్యాంపులో ఉండే కుమారస్వామి ఒక్కడు పని దిగాక వచ్చి కూర్చుని పోతాడు. అతను ఏమీ అనడు.

విమానంలో మంచం మీద మనిషిని ఎలా తీసుకెళ్తారో తెలుసా? వెనక సీట్లు కొన్ని మడిచేసి, వాటి మీద స్ట్రెచరు బిగించి, చుట్టూ తెర కడతారు. అలా వెళ్ళేది మనిషి కాదు, సామాను.

నడిచి వచ్చాను. నడిచే వెళ్ళాలి, లేకపోతే వెళ్ళకూడదు. నువ్వు వచ్చినా నేను రాను. ఏనాడూ నిన్ను ఇలా శాసించలేదు. ఇప్పుడు మొగుడిగా చెబుతున్నాను, రావద్దు.

తాతబ్బాయి


మునగలలంక,
22 ఏప్రిల్ 1999.

బావా,

మొగుడిగా నువ్వు చెప్పిన మాట చదివాను. పెళ్ళాంగా నేను చెబుతున్నాను, వస్తాను.

వీపు పుండ్లు పడుతుంది, రెండు గంటలకోసారి తిప్పాలి, గొట్టం మార్చాలి. భయపెడదామని రాశావేమో. నేను వాటిని చదువుకుని రాజోలు ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడి నర్సమ్మ గారు ఒక ముసలాయన్ని పక్కకి ఎలా తిప్పాలో, వీపు ఎలా తుడవాలో చూపించారు. నాలుగు రోజులు వెళ్ళి నా చేతులతో చేశాను. ఆ ముసలాయన నీకంటే బరువే.

అవసరం వస్తే మీ అన్నయ్యని అడగమన్నావే, ఆ పెద్ద బావగారు మన ఇంటికి వచ్చారు. నేను వెళ్తున్నానని ఊరంతా అనుకుంటున్నారు కదా. అరుగు మీద కూర్చుని దుర్గని మంచినీళ్ళు తెమ్మన్నారు. తాగి, నెమ్మదిగానే మొదలుపెట్టారు. ఆడమనిషి ఒక్కత్తీ సముద్రం దాటడం మన ఇంట్లో లేదన్నారు. అక్కడ మంచి ఆస్పత్రి, బాగా చూస్తున్నారు, ఇక్కడ ఏముందని తెస్తావన్నారు. నేను నిలబడి విన్నాను.

చివరికి అసలు మాట అన్నారు. "తెచ్చేవనుకో. తెచ్చేక మోసేదెవరే?"

"మొయ్యమని మిమ్మల్ని అడగలేదండీ. అడ్డు రావొద్దని అడుగుతున్నాను" అన్నాను.

ఆయన లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మన కొబ్బరి మొక్కలకి వాళ్ళ బోరు నీళ్ళు ఆపేశారు. కాలవ నుంచి మోస్తున్నాను. నీళ్ళు మోస్తే చేతులు గట్టిపడతాయి, మంచిదే.

తుపాను తర్వాత కువైట్లో ఇంటిపనికి వెళ్తానని నేను తీయించుకున్న పాస్‌పోర్టు నీకు గుర్తుందా? ఆడదానివి నువ్వు వెళ్ళడమేంటని నన్ను ఆపి నువ్వు వెళ్ళావు. అది ట్రంకు పెట్టెలో ఉంది. పద్మావతి టీచరు గారు మీ కంపెనీ మేనేజరుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశారు. ఏం రాయమంటావమ్మా అని అడిగారు. తాతబ్బాయి అనే ఆయనకి భార్య ఉంది, ఆవిడ పేరు వీరలక్ష్మి, ఆయన లేదన్నా ఉంది, వీసా పంపండి అని రాయమన్నాను. ఆవిడ అలాగే రాశారు. పెళ్ళి ఫోటో కూడా పెట్టాం.

అయ్యో అనేవాళ్ళు అంటారు. ఎన్నాళ్ళంటారు? ఇక్కడి వాళ్ళకి ఓపిక తక్కువ. నాలుగు రోజులు అని ఐదో రోజు కొబ్బరి ధర అడుగుతారు.

నువ్వు రానంటే మాత్రం ఏం చేస్తావు, లేచి పారిపోతావా? ఈ మాట అనకూడదు. అయినా అన్నాను. నువ్వు ఇది చదివి కోపం తెచ్చుకో. ఏడవడం కంటే కోపం మంచిది.

లక్ష్మి


మస్కట్,
14 మే 1999.

లక్ష్మీ,

పారిపోతావా అన్న మాట చదివి ఉత్తరం విసిరికొట్టాను. అది మంచం కింద పడింది. తీసుకోలేను కదా. సాయంత్రం కుమారస్వామి వచ్చే వరకూ దాని వంకే చూస్తూ ఉన్నాను. అతను తీసి, చదవనా అని అడిగి, పైకి చదివాడు. ఆ చోటుకి వచ్చేసరికి ఆగిపోయి నా ముఖంలోకి చూశాడు. నాకు నవ్వొచ్చింది. పడ్డాక నవ్వడం అదే మొదలు. నవ్వు మొదలయ్యాక ఆగలేదు, నర్సు వచ్చి ఏమైందని అడిగింది. కుమారస్వామి ఏం చెప్పాలో తెలియక, మా చెల్లెలు వస్తోంది అని చెప్పాడు.

మేనేజరు వచ్చాడు. అతని చేతిలో మన పెళ్ళి ఫోటో ఉంది. ఎవరూ లేరన్నావు, మరి ఈవిడెవరు అని అడిగాడు. నేను తలకాయ గోడ వైపు తిప్పుకుని, నా భార్యే అన్నాను.

వీసా కాగితాలు అమలాపురం ఏజెంటు పేరున పంపారు. వస్తే ఇలా రా. బొంబాయిలో రైలు దిగాక ఎవరైనా బ్యాగు పట్టుకుంటానంటే ఇవ్వకు. సహార్ విమానాశ్రయంలో ఏ గేటో తెలియకపోతే యూనిఫారం వాళ్ళనే అడుగు. విమానం లేచేటప్పుడు చెవులు దిబ్బడేస్తాయి. గుటకలు మింగుతూ ఉంటే సర్దుకుంటుంది. కిటికీ పక్క సీటు ఇస్తే తీసుకో. కాసేపటికి కింద అంతా నీళ్ళే కనబడతాయి. భయపడకు, కాసేపే.

నేను వచ్చిన రోజు ఆ నీళ్ళు చూస్తూ, అంతా వెనక ఉండిపోయింది, నేనిక ఎవరికీ అందను అనుకున్నాను. భోజనం ట్రే తీసేలోపే దిగిపోతున్నామని చెప్పారు. నువ్వన్నది నిజమే, దూరం ఏమీ లేదు. నాకే దూరంగా ఉండాలనిపించింది.

ఒక్కటి మాత్రం మాటివ్వు. నన్ను చూడగానే ఏడవకు.

తాతబ్బాయి


బొంబాయి,
11 జూన్ 1999.

బావా,

ఈ ఉత్తరం ఇక్కడ కలిసిన ఒక భీమవరం ఆయన చేతికి ఇస్తున్నాను. ఆయనది ఇవాళ సాయంత్రం విమానం. మీ ఆస్పత్రి దగ్గరే పని చేస్తారట, అందిస్తానన్నారు. నాది రేపు పొద్దున్నే.

వానలు మొదలయ్యాయి. ఏజెంటు మనిషి వచ్చి, గాలివాన గట్టిగా ఉంది, విమానాలు ఆలస్యం, కావాలంటే ఊరెళ్ళి పది రోజులాగి రా అన్నాడు. నేను మా ఊళ్ళో ఇంటి కప్పు లేచిపోయిన గాలివాన చూశానండీ, ఇది జల్లు అన్నాను.

దుర్గని టీచరు గారింట్లో దింపాను. నేను బస్సెక్కేటప్పుడు అది ఏడవలేదు. నాన్న వచ్చేసరికి మంచం ఏ గదిలో వెయ్యాలని అడిగింది. వీధి గదిలోనే వెయ్యమన్నాను. వెనక గదిలో దాచేది లేదు.

ఏడవనని మాటిమ్మన్నావు. ఇవ్వను. ఏడుపొస్తే ఏడుస్తాను, ఆ తర్వాత నిన్ను తీసుకొస్తాను.

లక్ష్మి


వెల్లూరు,
20 ఆగస్టు 2000.

లక్ష్మికి,

నువ్వు నన్ను ఇక్కడి ఆస్పత్రిలో చేర్చి వెళ్ళి ఐదు నెలలవుతోంది. ఫోనులో చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి, అందుకని రాస్తున్నాను.

మంచం మీద నుంచి చక్రాల బండిలోకి, బండిలోంచి మంచం మీదికి నా అంతట నేనే మారుతున్నాను. మొదట రెండుసార్లు పడ్డాను. చేతులకి చెట్టెక్కిన బలం ఇంకా ఉందని ఇక్కడ వ్యాయామం చేయించే మాస్టారు ఆశ్చర్యపోయారు. ఒంటికీ రెంటికీ కూడా వేళ పెట్టుకోవడం నేర్పించారు. మోటారు వైండింగు నేర్చుకుంటున్నాను. మన దగ్గర చెరువులకీ చేలకీ అన్నీ మోటార్లే కదా, కాలిపోని మోటారు ఉంటుందా.

నిన్న వార్డులో కొత్తగా ఒక కుర్రాణ్ణి చేర్చారు. లారీ ప్రమాదం. గోడ వైపు తిరిగి ఎవరితోనూ మాట్లాడడం లేదు. అతనికి నేను, నువ్వు నన్ను తీసుకొచ్చిన రోజు మస్కట్ విమానాశ్రయంలో జరిగిన సంగతి చెప్పాను. నీకు ఇంతవరకూ చెప్పలేదు, ఆ రోజు నేను కళ్ళు మూసుకుని పడుకున్నానే గాని నిద్రపోలేదు. అక్కడి ఆఫీసరు కాగితం ముందు పెట్టి, గాల్లో ఉండగా ఇతనికి ఏమైనా అయితే బాధ్యత ఎవరిది, ఈవిడ మొయ్యగలదా అని అడిగాడు. కుమారస్వామి నీకు తెలుగులో చెప్పాడు. నువ్వు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ఆయన బరువు కాదని చెప్పండి అన్నయ్యగారూ. ఆయన నా మొగుడు" అన్నావు.

కుమారస్వామి దాన్ని అరబ్బీలో ఎలా చెప్పాడో తెలియదు. ఆ ఆఫీసరు కాగితం మీద ముద్ర కొట్టి, మనకంటే ముందు నడిచి దారి ఇప్పించాడు. విమానంలో తెర కట్టారు. నువ్వు దాన్ని పక్కకి లాగేశావు. జనం చూస్తారని విమానంలో పనిచేసే అమ్మాయి అంటే, చూడనివ్వమ్మా అన్నావు. అందరూ చూశారు. నేను కళ్ళు తెరిచి వాళ్ళ వంక చూశాను. ఎవరూ అయ్యో అనలేదు. పక్కన ఉన్న ముసలాయన ఏ ఊరని అడిగాడు.

ఈ నెలాఖరున పంపించేస్తామంటున్నారు. నన్ను తీసుకెళ్ళడానికి నువ్వు రావద్దు. ఈసారి సిగ్గుపడి చెప్పడం లేదు. కాట్పాడిలో వీళ్ళు రైలెక్కిస్తారు, రాజమండ్రిలో కూలీని పట్టుకుని దిగుతాను. అక్కడి నుంచి వ్యాను మాట్లాడుకుంటాను. ఒక్కణ్ణే రావాలి. వచ్చి చూపించాలి, ముందు నాకు నేను.

తాతబ్బాయి


మునగలలంక,
27 ఆగస్టు 2000.

బావా,

సరే. వెల్లూరు రాను. రాజమండ్రి కూడా రాను. నువ్వు అడిగాక రాకుండా ఉండడం నాకు మస్కట్ రావడం కంటే కష్టంగా ఉంది గాని, ఉంటాను.

మన ఇంటి మెట్లు మూడూ పగలగొట్టించాను. వాటి చోట దారిలోకి వాలుగా సిమెంటు పోయించాలని మేస్త్రీని పిలిస్తే పెద్ద బావగారు వచ్చి, దారి ఉమ్మడిది, ఇది కట్టడానికి వీల్లేదన్నారు. ఆయన మాట కాదనలేక మేస్త్రీ తాపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. నేనూ దుర్గా ఇసక జల్లించుకున్నాం. పీచు మిల్లు నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. కంకర తొక్కి, సిమెంటు కలిపి, మధ్యాహ్నానికల్లా పోసేశాం. పెద్ద బావగారు వాళ్ళ అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశారు. అంతా అయ్యాక లేచి వచ్చారు. తగువుకేనని నేను చీర కొంగు బిగించాను. ఆయన వాలు వంక వంగి చూసి, "మరీ నున్నగా చేసేరు, వానకి బండి జారిపోద్ది. చీపురుతో గీతలు పెట్టండి" అన్నారు. అని వెళ్ళిపోయారు.

గీతలు పెట్టాం. కొంచెం వంకరగా వచ్చాయి. మేస్త్రీ పని కాదు, ఆడవాళ్ళ పని, గట్టిగా మాత్రం ఉంది. నేనూ దుర్గా, మిల్లు ఆడవాళ్ళూ ఆరుగురం ఒకేసారి ఎక్కి గెంతాం, బీట ఇవ్వలేదు.

రోజుకి రెండు పూటలా తడుపుతున్నాం. నువ్వు వచ్చేసరికి పూర్తిగా ఆరి ఉంటుంది. కింద నుంచి పైకి నువ్వే తోసుకుని రావాలి. నేను గుమ్మంలో నిలబడతాను. చెయ్యి వెయ్యను.

లక్ష్మి